ఊరికి తిరిగొచ్చిన చిత్రకారుడు దామెర్ల రామారావు

కోలారు బంగారు గనుల ప్రాంతంలో తెల్లవారకముందే మారికుప్పం స్టేషన్ మేలుకుంటుంది. చేతిలో క్యారియరు, భుజాన సంచితో వేలమంది బెంగళూరు రైలెక్కుతారు. రాత్రికి మళ్లీ అదే రైల్లో దిగుతారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినప్పటి నుంచీ మా ఊరి బతుకు ఈ రైలు చక్రాల మీదే నడుస్తోంది. మా తెలుగు బడుల్లో చదువుకున్న పిల్లలు కూడా పదో తరగతి దాటగానే ఆ రైలే ఎక్కుతారు. బాగా చదివినవాళ్లు బెంగళూరు దాటి ఇంకా దూరం వెళతారు. వెళ్లడం తప్పు కాదు. వెళ్లినవాళ్లు నేర్చుకున్నది ఎప్పుడైనా ఇంటికి తెస్తారా అన్నదే మా ఉపాధ్యాయుల మధ్య తరచూ వచ్చే మాట. ఆ మాట వచ్చినప్పుడల్లా మాకు గుర్తుకొచ్చే పేరు దామెర్ల రామారావు.

రాజమండ్రి అనగానే మన పిల్లలకు నన్నయ గుర్తుకొస్తాడు, గోదావరి గుర్తుకొస్తుంది. ఆ గోదావరి ఒడ్డునే పుట్టి, బొంబాయి వెళ్లి చిత్రకళ నేర్చుకుని, దేశం మెచ్చుకుంటున్న రోజుల్లో సొంత ఊరికి తిరిగొచ్చి, అక్కడ బొమ్మల బడి పెట్టినవాడు రామారావు. ఇరవై ఎనిమిదో పుట్టినరోజు చూడకుండానే కన్నుమూశాడు. అయినా నూరేళ్ల తర్వాత ఆయన గురించి మనం చెప్పుకుంటున్నామంటే, వేసిన బొమ్మలు ఎంత కారణమో, నేర్పిన చదువు కూడా అంత కారణం.

రామారావు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టాడు. తండ్రి వెంకటరమణారావు వైద్యుడు. అప్పట్లో గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో భాగం. కాస్త చదువుకున్న కుటుంబాల్లో అబ్బాయి ప్లీడరు కావాలి, లేదా సర్కారు ఉద్యోగి కావాలి అనుకునే కాలం. బొమ్మలు వేసుకుంటూ బతకడం అనేది ఒక దారిగా ఎవరికీ కనిపించేది కాదు. బొమ్మ వేసేవాళ్లు ఊళ్లో లేరని కాదు. గుడి గోడల మీద, నాటకాల తెరల మీద, కలంకారీ గుడ్డల మీద బొమ్మలు వేసేవాళ్లు ఉండేవారు. అది వాళ్ల కులవృత్తి, పొట్టకూటి పని. ఇంగ్లీషు చదువు చదివే పిల్లవాడు దాన్ని చదువుగా ఎంచుకోవడమే కొత్త.

పిల్లవాడిగా రామారావుకు చేతిలో పెన్సిలు ఉంటే చాలు. కంటికి కనిపించినదల్లా కాగితం మీదికి వచ్చేది. ఇలాంటి పిల్లలు ప్రతి బడిలోనూ ఒకరిద్దరు ఉంటారు. మా తరగతుల్లోనూ ఉన్నారు. వాళ్లలో చాలామంది పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ పని మానేస్తారు. రామారావు మానలేదు. దానికి కారణం ఒక ఉపాధ్యాయుడు.

ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఇంగ్లండు నుంచి వచ్చి రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశాడు. 1919 దాకా దాదాపు పదేళ్లు ఆ ఊళ్లో ఉన్నాడు. స్వయంగా రంగులతో బొమ్మలు వేసేవాడు, కవిత్వం రాసేవాడు. తెల్లదొరల ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగం చేస్తున్నా, గోదావరి తీరాన్నీ, అక్కడి మనుషులనూ ప్రేమించినవాడు. ఊళ్లో తెలివైన కుర్రవాళ్లను వెతికి, చేరదీసి, వాళ్లకు ఏది వస్తే అందులో ముందుకు తోసేవాడు. అలా ఆయన దగ్గర చేరినవాళ్లలో అడివి బాపిరాజు ఒకడు, కవి కవికొండల వెంకటరావు ఒకడు, దామెర్ల రామారావు ఒకడు.

కూల్డ్రే రామారావులో చూసినది చేతివాటం ఒక్కటే అయితే, ఓ మెచ్చుకోలు మాట చెప్పి ఊరుకునేవాడు. ఆయన అంతకంటే ఎక్కువ శ్రమ తీసుకున్నాడు. రంగులు ఎలా వాడాలో దగ్గరుండి చూపించాడు. కుర్రవాణ్ని వెంటబెట్టుకుని అజంతా, ఎల్లోరా గుహలకు తీసుకెళ్లాడు. ఇది చిన్న విషయం కాదు. బొమ్మ అంటే అచ్చుపుస్తకంలో ఉండేది, లేదా గోడకు వేలాడే క్యాలెండరు అనుకునే వయసులో, కొండను తొలిచిన చీకటి గుహలో, గోడ నిండా వేల ఏళ్ల కిందట మనవాళ్లు వేసిన స్త్రీలూ పురుషులూ, ఏనుగులూ తామరపూలూ చూస్తే ఆ పిల్లవాడికి ఏమనిపించి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. నువ్వు చేస్తున్న పని ఇంత పాతది, ఇంత గొప్పది అని పాఠం చెప్పనక్కర లేదు. ఆ గోడలే చెబుతాయి.

తర్వాత రామారావును బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపాలని కూల్డ్రే పట్టుబట్టాడు. 1857లో మొదలైన ఆ విద్యాలయం అప్పటికే దేశంలో పేరున్న చిత్రకళాశాల. రామారావు 1916లో అక్కడ చేరాడు. అప్పుడు ఆయనకు 19 ఏళ్లు. తెలుగు ప్రాంతం నుంచి బొంబాయికి వెళ్లి బొమ్మలు వేయడం చదువుగా చదవడమంటే ఆ రోజుల్లో బంధువులు ఏమన్నారో వేరే చెప్పక్కర లేదు.

బొంబాయి స్కూలు నేర్పేది ఐరోపా పద్ధతి. ముందు సున్నపు బొమ్మలను ఎదురుగా పెట్టుకుని వాటి వెలుగునీడలను గీయాలి. తర్వాత మనిషి ఎముకల అమరిక, కండరాల పొందిక నేర్చుకోవాలి. దగ్గరి వస్తువు పెద్దగా, దూరపు వస్తువు చిన్నగా ఎందుకు కనిపిస్తుందో, దాన్ని కాగితం మీద ఎలా చూపించాలో లెక్కప్రకారం తెలుసుకోవాలి. ఆ తర్వాతే ఎదురుగా కూర్చున్న మనిషిని చూసి గీయడం. ఇందులో పొరపాటుకు చోటు లేదు, తొందరకు అసలే లేదు. బొమ్మలు వేయడం పుట్టుకతో వచ్చే వరమే తప్ప నేర్చుకుంటే రాదని మన ఊళ్లలో ఒక నమ్మకం ఉంది. పుట్టుకతో చేయి తిరిగిన రామారావే నాలుగేళ్లు కూర్చుని ఈ ఓనమాలన్నీ దిద్దాడని పిల్లలకు తెలియాలి. 1920లో మంచి పేరుతో ఆ చదువు ముగించాడు.

అక్కడ ఆయనకు దొరికిన మంచి స్నేహాల్లో ఒకటి గుజరాతీ చిత్రకారుడు రవిశంకర్ రావల్‌ది. రావల్ కూడా బొంబాయిలో చదువుకుని తర్వాత అహ్మదాబాదులో ఎందరో యువకులకు చిత్రకళ నేర్పాడు. గుజరాతీలు ఆయన్ను కళాగురువుగా చెప్పుకుంటారు. ఒకే కాలంలో, ఒకే స్కూలు నుంచి బయటికి వచ్చిన ఇద్దరు మిత్రుల్లో ఒకరు సబర్మతి ఒడ్డుకు, ఇంకొకరు గోదావరి ఒడ్డుకు చేరుకుని పిల్లలకు బొమ్మలు నేర్పడం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. అది స్వాతంత్ర్యోద్యమం ఊరూరికీ పాకుతున్న కాలం. మన చదువు మన చేతుల్లో ఉండాలి, మన ఊళ్లలో ఉండాలి అన్న ఆలోచన గాలిలో ఉంది. బందరులో కోపల్లె హనుమంతరావు వంటివారు పెట్టిన ఆంధ్ర జాతీయ కళాశాల ఆ ఆలోచన నుంచి వచ్చినదే. అక్కడికి బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పాడు. కూల్డ్రే శిష్యుడైన అడివి బాపిరాజు ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకుని, తర్వాతి కాలంలో అదే కళాశాలకు ప్రిన్సిపాలయ్యాడు. నారాయణరావు, గోన గన్నారెడ్డి నవలలు రాసిన బాపిరాజే ఈయన.

రామారావు చదువు పూర్తి చేసేనాటికి మన దేశంలో బొమ్మలు వేసేవారి ముందు రెండు పెద్ద దారులు ఉన్నాయి. ఒకటి రవివర్మ దారి. తైలవర్ణాల్లో, ఐరోపా పద్ధతిలో మన పురాణ కథలను వేయడం. రవివర్మ 1906లో చనిపోయినా, ఆయన అచ్చువేయించిన లక్ష్మీ సరస్వతుల బొమ్మలు ప్రతి ఇంటి గోడ మీదా ఉన్నాయి. రెండోది బెంగాల్ దారి. అవనీంద్రనాథ్ ఠాగూర్, ఆయన శిష్యులు ఐరోపా పద్ధతిని పక్కనపెట్టి, అజంతా నుంచీ మొగలు చిత్రాల నుంచీ స్ఫూర్తి పొంది, పలుచని నీటిరంగుల్లో కలలాంటి బొమ్మలు వేశారు. మన బెంగళూరు చిత్రకారుడు కె. వెంకటప్ప కూడా కలకత్తా వెళ్లి అవనీంద్రనాథ్ దగ్గరే నేర్చుకున్నాడు. బెంగళూరులో కబ్బన్ పార్కు పక్కన ఆయన పేరుతో ఉన్న చిత్రశాలను మన పిల్లలు చూడవచ్చు.

రామారావు ఈ రెండు దారులనూ ఎరిగినవాడే. కానీ దేన్నీ గుడ్డిగా పట్టుకోలేదు. బొంబాయిలో నేర్చిన కొలతలూ శరీర నిర్మాణమూ వదలలేదు. అజంతాలో చూసిన గీత ఒంపునూ వదలలేదు. ఈ రెంటినీ కలిపి, తాను రోజూ చూసే గోదావరి మనుషులను వేశాడు. ఆయన బొమ్మల్లో స్త్రీలు రాజాస్థానాల నుంచి దిగివచ్చినట్టు ఉండరు. నీళ్లకు వెళ్లే ఆడవాళ్లు, పూలు ముడుచుకునే ఆడవాళ్లు, గుడికి వెళ్లే ఆడవాళ్లు. వాళ్ల నిలబడే తీరులో, కొంగు దోపుకున్న తీరులో మన ఇంటి పెద్దవాళ్లు కనిపిస్తారు.

ఆయన చిత్రాల్లో కొన్నింటి పేర్లు చెప్పుకుందాం. పుష్పాలంకరణ, నంది పూజ, సిద్ధార్థ రాగోదయం, ఋష్యశృంగ బంధనం, తూర్పు కనుమల్లో గోదావరి. సిద్ధార్థ రాగోదయం బుద్ధుడు కాకముందు రాకుమారుడైన సిద్ధార్థుడి మనసులో అనురాగం మేలుకున్న ఘట్టం. తూర్పు కనుమల్లో గోదావరి పాపికొండల వైపు నది కొండల మధ్య ఒదిగి పారే తీరును చూపే ప్రకృతి చిత్రం. ఋష్యశృంగుడి కథ మన పిల్లలకు ఇంకా దగ్గరిది. స్త్రీ ముఖమే చూడకుండా అడవిలో పెరిగిన ఆ మునికుమారుణ్ని, వానలు లేక ఎండిపోయిన అంగదేశానికి వారకాంతలు రప్పించారనీ, ఆయన అడుగు పెట్టగానే వాన కురిసిందనీ రామాయణం బాలకాండలో ఉంది. చెరువులు నిండితేనే పండగ అనుకునే కోలారు జిల్లా పిల్లలకు ఆ వాన విలువ వేరే చెప్పాలా? ఈ చిత్రానికి 1922లో కలకత్తా ప్రదర్శనలో బహుమతి వచ్చింది. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన జరిగినప్పుడు రామారావు చిత్రాలు అక్కడికీ వెళ్లాయి.

ఇలాంటి పేరు వచ్చిన పాతికేళ్ల యువకుడు ఏం చేస్తాడు? బొంబాయిలోనో కలకత్తాలోనో ఉండిపోతాడు. జమీందార్లూ సంస్థానాధీశులూ తమ నిలువెత్తు చిత్రాలు వేయించుకుని బాగా డబ్బిచ్చే రోజులవి. బొమ్మలు కొనేవాళ్లు ఉన్నది పెద్ద ఊళ్లలోనే. అయినా రామారావు రాజమండ్రికి తిరిగొచ్చాడు. మిత్రులను కూడగట్టి ఒక కళాసంఘం ఏర్పాటు చేశాడు. చిత్రకళాశాల మొదలుపెట్టి, తానే ఉపాధ్యాయుడై కూర్చున్నాడు.

ఈ మార్పు గురించి మేం ఎక్కువగా ఆలోచిస్తాం. చిత్రకారుడి పని ఒకటి, ఉపాధ్యాయుడి పని ఇంకొకటి. చిత్రకారుడికి తన బొమ్మ బాగా రావాలి. ఉపాధ్యాయుడికి ఎదుటివాడి బొమ్మ బాగా రావాలి. మొదటి దానికి ఒంటరితనం కావాలి, రెండో దానికి ఓపిక కావాలి. పొద్దున్నే మంచి వెలుగు ఉన్న గంటలో తన కుంచె పట్టుకోవాలా, పక్కవాడి కాగితం మీద వంకరపోయిన గీతను దిద్దాలా అన్న ప్రశ్న ప్రతి రోజూ ఎదురవుతుంది. బడిలో పనిచేస్తూ పద్యమో పాటో రాసుకునే ఉపాధ్యాయులందరికీ ఈ సంకటం తెలుసు. ఆయుష్షు ఎంత మిగిలిందో తెలియని రామారావు ఆ కొద్దికాలంలో సగం ఇతరులకు ఇచ్చేశాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నవారిలో వరదా వెంకటరత్నం ముఖ్యుడు. మిత్రుడూ ఆయనే, శిష్యుడూ ఆయనే. ఆడపిల్లలు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన ఇంకో విషయం ఉంది. రామారావు తన భార్య సత్యవాణికీ, చెల్లెలు బుచ్చికృష్ణమ్మకూ కూడా చిత్రకళ నేర్పాడు. ఇద్దరూ చిత్రకారిణులయ్యారు. ఆడపిల్లను ప్రాథమిక బడికి పంపడమే పెద్ద సంగతైన రోజుల్లో, దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ తెలుగు స్త్రీలలో తొలితరం చిత్రకారిణిగా నిలిచింది. ఇంట్లో ఉన్న ఆడవాళ్ల చేతికి కుంచె ఇవ్వడానికి బడి భవనం అక్కర లేదు, సర్కారు ఉత్తర్వు అక్కర లేదు. ఇంటి మగవాడి మనసు తెరుచుకుంటే చాలు. సంక్రాంతికి వాకిట్లో చుక్కలు పెట్టి ఎంత పెద్ద ముగ్గునైనా తప్పు లేకుండా కలిపే ఆడపిల్లకు గీత మీద పట్టు లేదని ఎవరనగలరు?

రామారావు నేర్పిన పద్ధతిలో మాకు బాగా నచ్చేది, చూసి గీయడం. ఆయన స్కెచ్చు పుస్తకాల్లో మనుషులు, పశువులు, చెట్లు, పడవలు పెన్సిలు గీతల్లో కనిపిస్తాయి. అచ్చుబొమ్మ చూసి దించడం కాదు, కళ్లెదుట ఉన్నదాన్ని చూసి గీయడం. ఇందులో ఒక గట్టి పాఠం ఉంది. క్యాలెండరు బొమ్మను దించే పిల్లవాడికి ఇంకొకరు చూసినదే చేతికొస్తుంది. ఎదురుగా ఉన్న ఎద్దును చూసి గీసే పిల్లవాడికి ఎద్దు తెలుస్తుంది. దాని మూపురం ఎక్కడ మొదలవుతుంది, నడిచేటప్పుడు ఏ కాలు ముందు పడుతుంది అన్నది అప్పుడే గమనిస్తాడు. సైన్సు పాఠంలో పరిశీలన అని మేం చెప్పేది ఇదే.

ఆయన బడి నిలదొక్కుకుంటున్న సమయంలోనే పిడుగు పడింది. 1925లో రామారావుకు మశూచికం సోకింది. అమ్మవారు పోసింది అని మన పెద్దవాళ్లు చెప్పే జబ్బు అది. టీకా కనిపెట్టి అప్పటికి వందేళ్లు దాటినా అది అందరికీ అందలేదు. మన దేశంలో ఆ జబ్బు పూర్తిగా పోవడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. ఫిబ్రవరి 6న రామారావు కన్నుమూశాడు. ఇంకొక్క నెల ఉంటే 28 ఏళ్లు నిండేవి. బొంబాయి చదువు ముగించి అయిదేళ్లయినా కాలేదు. తెలుగు దేశానికి అది ఎంత నష్టమో కొలిచి చెప్పలేం.

సాధారణంగా కథ ఇక్కడితో ముగియాలి. చిత్రకారుడు పోతే కొత్త చిత్రాలు ఉండవు. ఉన్నవి నలుగురి ఇళ్లకూ చెదిరిపోతాయి. కొన్నాళ్లకు పేరు కూడా మరుగున పడుతుంది. రామారావు విషయంలో అలా జరగలేదు. ఆయన నేర్పినవాళ్లు ఉన్నారు. వరదా వెంకటరత్నం ఆ బడిని మూయనివ్వలేదు. మిత్రుడి పేరు మీద చిత్రశాలను నిలబెట్టి, దశాబ్దాల పాటు కొత్త పిల్లలకు నేర్పుతూ వచ్చాడు. భార్య సత్యవాణి, మిత్రులు చిత్రాలను చెదిరిపోకుండా కాపాడారు. ఈ రోజు రాజమండ్రిలో గోదావరికి దగ్గరగా దామెర్ల రామారావు పేరుతో చిత్రశాల ఉంది. తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలు, ఆయన స్కెచ్చు పుస్తకాలు అక్కడ ఉన్నాయి. ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. ఆయన ఉపాధ్యాయుడు కాకుండా ఒట్టి చిత్రకారుడిగా ఉండి ఉంటే, ఆ బొమ్మలను చూసుకునే వారసులు ఎవరు ఉండేవారు?

ఇదంతా కోలారులో కూర్చుని ఎందుకు చెప్పుకోవాలి? మా బడుల సంగతి కొంచెం చెబితే అర్థమవుతుంది. టైంటేబుల్లో చిత్రకళ గంట ఉంటుంది. పదో తరగతి పరీక్షలు దగ్గర పడేకొద్దీ ఆ గంటలోకి ముందు లెక్కలు వస్తాయి, తర్వాత ఇంగ్లీషు వస్తుంది. డ్రాయింగు మాస్టారు లేని బడిలో ఆ గంట ఎవరికి ఖాళీ ఉంటే వారిది. ఇందులో మా తప్పూ ఉంది. కొన్నేళ్ల కిందట ఏడో తరగతి పిల్లవాడొకడు లెక్కల నోటుపుస్తకం వెనకపేజీల నిండా గని షాఫ్టు బొమ్మ వేసుకున్నాడు. పైన పెద్ద చక్రం, దానికి వేలాడే ఇనుపతాడు, కింద నిలబడిన తాతయ్య. తాతయ్య గనిలో దిగినవాడు. మేం ఆ పేజీలు చూసి, నోటుపుస్తకం పాడుచేశావని కోప్పడ్డాం. వాడు మళ్లీ మాకు బొమ్మ చూపించలేదు. కూల్డ్రే అయితే ఏం చేసేవాడో రామారావు కథ చదివాక మాకు తెలిసింది.

మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, గనుల కాలనీల్లో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు వింటూ పెరుగుతారు. నాలుగు భాషల మధ్య నలిగి, తరగతిలో నోరు విప్పడానికి జంకే పిల్లలు చాలామంది ఉంటారు. అలాంటి పిల్లవాడికి ఒక కాగితం ఇచ్చి చూడండి. చెప్పలేనిది గీసి చూపిస్తాడు. బొమ్మకు లిపి లేదు, అచ్చుతప్పు లేదు.

గీయడానికి మన జిల్లాలో సరుకు లేదా? కోలారు సోమేశ్వరాలయం కల్యాణమంటపంలో చెక్కిన స్తంభాలున్నాయి. కోలారమ్మ గుడి ఉంది. ముళబాగిలు దగ్గర కురుడుమలె వినాయకుడు ఉన్నాడు. లవకుశుల కథ చెప్పుకునే ఆవని కొండ ఉంది. శ్రీనివాసపురం మామిడితోటలు ఉన్నాయి. మా బంగారు గనుల ఊళ్లో సైనైడ్ దిబ్బలు సాయంత్రం ఎండలో ఏ రంగుకు తిరుగుతాయో చూసినవాళ్లకే తెలుసు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లిన ఛాంపియన్ రీఫ్ గని ఒకప్పుడు ప్రపంచంలోని లోతైన గనుల్లో ఒకటి. తుప్పుపడుతున్న ఆ షాఫ్టులు ఎంతకాలం నిలబడి ఉంటాయో తెలియదు. వాటిని చూసి గీసే చివరి పిల్లలు బహుశా ఇప్పుడు మన తరగతుల్లో ఉన్నవాళ్లే. రామారావుకు గోదావరి ఎలాగో, వీళ్లకు ఈ దిబ్బలూ ఈ చక్రాలూ అలాగ.

చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. కర్ణాటకలో చిత్రకళలో లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు ఉన్నాయి. ఆసక్తి ఉన్న పిల్లలను వాటికి కూర్చోబెట్టవచ్చు. బెంగళూరులో ప్రతి ఏడాది జనవరిలో చిత్రకళా పరిషత్తు ముందు వీధిలో చిత్రసంతె జరుగుతుంది. పొద్దుటి రైలెక్కితే సాయంత్రానికి చూసి రావచ్చు. విహారయాత్ర అంటే పార్కు ఒక్కటే కానక్కర లేదు. లేపాక్షి మనకు దూరమేమీ కాదు. ఆ గుడి కప్పు మీద విజయనగర కాలపు బొమ్మలను తలెత్తి చూపించడం మన పిల్లలకు అజంతా చూపించడంతో సమానం. వీటన్నిటికంటే ముందు, ఉన్న ఆ ఒక్క గంటను లెక్కలకు ఇవ్వకుండా బొమ్మలకే ఉంచడం మన చేతిలో ఉంది.

ప్రతి బొమ్మలు వేసే పిల్లవాడూ రామారావు కాడు. కానవసరం లేదు కూడా. వీళ్లలో ఒకరు ఏ బెంగళూరులోనో, మైసూరులోనో చిత్రకళ చదివి, సెలవుల్లో అయినా మారికుప్పం రైలు దిగి, తాను చదివిన బడికి వచ్చి, చిన్న పిల్లల పక్కన కూర్చుని ఒక గీత దిద్దితే చాలు.

మేం ఈసారి చిత్రకళ గంటలో దామెర్ల రామారావు కథ చెప్పాలనుకుంటున్నాం. కథ అయ్యాక పిల్లలను ఆరుబయటికి తీసుకెళ్లి, ఎదురుగా ఏది కనిపిస్తే అది గీయమని చెబుతాం. ఆ షాఫ్టు బొమ్మ వేసిన పిల్లవాడు బడి దాటి వెళ్లిపోయాడు. వాడి తమ్ముడు మాత్రం ఈ ఏడాది ఆరో తరగతిలో చేరాడు. మొదట వాడి కాగితమే చూస్తాం.